రివైండులో మూడు ముళ్ళు

మలికిపురం సెంటర్లో వీడియో షాపు. ఒకావిడ తన పెళ్ళి క్యాసెట్టు తెచ్చి బల్లమీద పెట్టింది. షాపతను దాన్ని తిప్పి చూశాడు.

"బూజు పట్టేస్తోందండి పిన్నిగారూ. క్యాసెట్ల రోజులు అయిపోయేయండి. సీడీలోకి ఎక్కించేస్తాను."

"ఎక్కిద్దువుగాని బాబూ. ఆ సీడీ వెనక్కి తిరుగుతుందా?"

"వెనక్కెందుకండి?"

"ప్రతి పెళ్ళిరోజుకీ మీ బాబాయిగారు తాళి కట్టే చోట రివైండు నొక్కుతారు. బొమ్మలో ఆయన మూడు ముళ్ళూ విప్పేసి, పీటల మీంచి లేచి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ విడిదింట్లోకి వెళ్ళిపోతారు. 'హమ్మయ్య, బతికిపోయేను' అని చంకలు గుద్దుకుంటారు. పిల్లలు ఒకటే నవ్వు."

"మరి మీరండి?"

"నేను ప్లే నొక్కుతాను. మళ్ళీ వచ్చి కట్టాల్సిందే."

"ఆయ్. సీడీ కూడా వెనక్కి వెళ్తుందండి. మొన్న బాబాయిగారూ వచ్చి అడిగి వెళ్ళేరండి, ఎందుకో అప్పుడు తెలీలేదండి."

"చూశావా. తప్పించుకునే దారి ఉందో లేదో కనుక్కోడానికి వచ్చేరన్నమాట."

"కాదండి. వెనక్కి వెళ్ళేక మీరు నొక్కడానికి ప్లే బటను ఉంటుందా అని అడిగేరండి."