గేటు దగ్గర నల్లబోర్డు

బడి మేడ మీద, గాలిలో ధూళి కొలిచే మిషను పక్కన, పొద్దున్నే ఇద్దరు మాటామాటా అనుకుంటున్నారు: మిషను చూసుకునే అమ్మాయి, కాలుష్యం ఆఫీసులో ఆమె మీద అధికారి అయిన ఆమె బావగారు.

"తీయను."

"తీయనంటే? ఆర్డరు చేతిలో పెట్టాను కదా. సాయంత్రానికి మిషను పార్కుకి చేరాలి."

"చదివాను బావగారూ. చదివే చెప్తున్నా. తీయను."

"ఇక్కడ బావగారు లేడు. సార్ ఉన్నాడు."

"సరే సార్. తీయను సార్."

"వేళాకోళమా? బస్ డిపో మిషను తీశారు, మార్కెట్ మిషను తీశారు. వాళ్ళెవరూ కిక్కురుమనలేదు. నీకొక్కదానికే ఎందుకంత?"

"అవి చెరువుగట్టుకి పోయాయి. ఆ మర్నాడే ఊళ్ళో సన్నధూళి సగానికి తగ్గిందని మీ రిపోర్టు. తగ్గింది ధూళి కాదు. మిషన్లు ఇల్లు మారాయి, అంతే."

"గ్రాఫులో గీత కిందికి దిగింది కదా. అందరికీ సంతోషం."

"ఇదొక్కటే పదేళ్ళుగా కదల్లేదు. దీని గీత ఏటేటా పైకే పోతోంది. ఇదీ పోతే ఇంక నిజం చెప్పేదేది? కింద ఆరొందలమంది పిల్లలు పీల్చేది ఈ గాలే."

"నాకు నీతులు చెప్పకు. అసలీ గొడవంతా ఆ బోర్డు వల్ల. గేటు దగ్గర రోజూ అంకె ఎవరు రాస్తున్నారు?"

"ఏ బోర్డు?"

"ఏ బోర్డా? ఇదిగో ఫోటో. 'నిన్నటి సన్నధూళి నూట పద్దెనిమిది. హద్దు అరవై.' తల్లిదండ్రులంతా వచ్చి ఆఫీసు మీద పడ్డారు. పైవాళ్ళు నాకు తలంటారు."

"రాత బాగుంది."

"నీదే కదా?"

"నాదా?"

"ఈ గుండ్రటి రాత చూస్తే తెలీట్లా? అంకె తెలిసేది నీకే. ఇంకెవరికి తెలుస్తుంది?"

"ఎవరికో."

"ఎవరికో అంటే కుదరదు. నేను పేరు రాసివ్వాలి."

"నా పేరు రాసుకోండి."

"ఉద్యోగం ఊడుతుందే."

"ఊడనీండి."

"మీ అక్క మొహం చూసి ఇప్పించాను. ఇప్పుడామెకి ఏం చెప్పుకోను?"

"అక్కతో మాట్లాడారా దీని గురించి?"

"ఆవిడతో ఏం మాట్లాడతాను? కింద రెండో తరగతికి ఎక్కాలు చెప్పుకునే మనిషి. నోట్లో నాలుక లేదు. ఎందుకు నవ్వుతున్నావ్?"

"ఏం లేదు."

"ఏం లేకుండా నవ్వుతారా?"

"ఏం లేదన్నాగా."

"చూడు, ఆఖరిసారి చెప్తున్నా. బోర్డు ఆపేస్తానని ఒక్క ముక్క రాసివ్వు. నీ పేరు బయటికి రానివ్వను."

"ఆపేది లేదు. మిషను తీసేదీ లేదు. నా పేరే రాయండి, కావాలంటే రెండుసార్లు రాయండి."

"మొండిఘటం. ఇదిగో, రాస్తున్నా."

"రాయండి."

"రాసేశాక నన్నేమీ అనడానికి లేదు."

"అనను. మెట్ల మీద ఎవరో వస్తున్నారు."

"ఎవరు?"

"ఏమే చెల్లీ, ఇవాళ ఇంత ఆలస్యమేంటి? సుద్దముక్క పట్టుకుని గేటు దగ్గర ఎంతసేపు నిలబడను, అవతల గంట కొట్టేస్తుంటే. ఏమండీ, మీరూ ఇక్కడే ఉన్నారా? మరీ మంచిది. అంకెంతో మీ నోటితోనే చెప్పండి, రాసేస్తాను."