గ్లూకోజు నీళ్ళకు ముందు మూడు రోజులు

నమ్మనంటే ఇప్పుడే చెప్పండి డాక్టరమ్మా, ఇక్కడితో ఆపేస్తాను. కలం మూత తీశారు, ఆ కాగితం మీద 'అన్‌ఫిట్' అని రాయబోతున్నారు, నాకు కనబడుతూనే ఉంది. రాయండి. కానీ ముందు వినండి. నేను చెప్పేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమని తేలినా, బస్సు తాళాలు ఈ బల్ల మీద పెట్టేసి నడుచుకుంటూ ఇంటికి పోతాను.

షుగరు రెండువందల పద్నాలుగట! గ్లూకోజు నీళ్ళు తాగిన రెండు గంటలకి! ఎవరికి? నాకు! ముప్పై నాలుగేళ్ళు బస్సు నడిపినవాడికి! ఓసారి కొండ దిగుతుంటే స్టీరింగు ఊడి చేతిలోకొచ్చింది. యాభైమంది ప్రయాణికులు. ఏం చేశాను? పెద్ద స్పానరు బిగించి, దాంతోనే తిప్పుకుంటూ పన్నెండు మలుపులు దింపాను. నిద్రపోతున్నవాళ్ళు నిద్రపోతున్నట్టే ఉన్నారు.

నవ్వకండి. సరే, ఎనిమిది మలుపులు.

అసలు గొడవ మూడు నెలల కిందట మొదలైంది. మా ఆవిడ పోరు పడలేక బయట రక్తపరీక్ష చేయించుకున్నాను. అదే, మూడు నెలల సగటు చెబుతుందే, అది. ఆరు పాయింటు మూడు. ఇంకాస్త జరిగితే షుగరు గుమ్మం దాటి లోపలికొచ్చినట్టేనన్నాడు అక్కడి డాక్టరు.

ఆ రోజే అన్నం మానేశాను. మానడమంటే అలా ఇలా కాదు! గింజ ముట్టలేదు. రొట్టె, బంగాళాదుంప, అరటిపండు, ఎదురొస్తే మొహం తిప్పుకున్నాను. గుడ్లు, చేపలు, ఆకుకూరలు, అంతే. నేను తిన్న గుడ్లకి ఈ చుట్టుపక్కల కోళ్ళన్నీ సమ్మె కట్టి ఉండాలి. పదకొండు కిలోలు తగ్గాను.

మీ ఫైల్లో ఆరని ఉందా? అయితే ఆరే.

తర్వాత వేలు గుచ్చి చూసే మిషను కొన్నాను. అక్కడ మొదలైంది నా ఖర్మ. పొద్దున్నే పరగడుపున గుచ్చితే నూట పద్దెనిమిది! మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టనివాడికి! రెండు గుడ్లు, ఓ చేపముక్క తిని, రెండు గంటలాగి గుచ్చితే నూట నాలుగు! తినకపోతే ఎక్కువా, తింటే తక్కువా? ఇదెక్కడి న్యాయమండీ? పది వేళ్ళూ గుచ్చాను. పది వేళ్ళూ పది మాటలు చెప్పాయి. చిటికెనవేలొక్కటే కాస్త నా పక్షాన మాట్లాడింది.

మా ఆవిణ్ణి కూర్చోబెట్టి గుచ్చాను. టీలో మూడు చెంచాల చక్కెర వేసుకునే మనిషి. తొంభై ఆరు! "ఏదో మోసం చేస్తున్నావు నువ్వు" అన్నాను. "వేలు నాది, సూది నీది. మోసం నాదెలా అవుతుందండీ? ఇంకోసారి నా జోలికొస్తే ఆ మిషను బకెట్లో వేస్తా" అంది.

అన్నం మానినవాళ్ళలో కొందరికి పరగడుపున అంకె కాస్త పైనే ఉంటుందని, తెల్లారేసరికి కాలేయమే చక్కెర వదులుతుందని తర్వాత ల్యాబులో చెప్పారు. ముందే తెలిస్తే మిషనుని అన్ని తిట్లు తిట్టేవాణ్ణి కాదు. అయినా మూడు నెలల సగటు ఐదు పాయింటు ఆరుకి దిగిందా లేదా? ఆ కింది కాగితం చూడండి. ఆఁ, అదే.

కానీ మన కంపెనీ వార్షిక పరీక్షలో ఆ పరగడుపు అంకె దొరికిపోయింది. గ్లూకోజు నీళ్ళ పరీక్ష రాశారు మీరు. రెండువందలు దాటితే స్టీరింగు వదిలి, గేటు దగ్గర రిజిస్టరు పట్టుకుని కూచోవాలి. నా బస్సు హారన్‌గాడికి పోతుంది. హారన్ ఎవరంటారా? డిపోలో నా తర్వాతి సీనియరు. రోడ్డు మీద కోడిపిల్ల కనబడితే చాలు, మైలు దూరం నుంచి మోగిస్తాడు. ఇరవై ఆరేళ్ళుగా మా మధ్య వెక్కిరింతలే తప్ప మాటల్లేవు.

పరీక్ష రోజు ల్యాబులో మా డ్రైవర్లందరం వరసగా కూచున్నాం. ల్యాబు అమ్మాయి కాగితం పట్టుకొచ్చి, అందరికీ వినబడేలా అడిగింది. "బాబాయ్ గారూ, ఈ మూడు రోజులూ అన్నం, రొట్టె మామూలుగానే తిన్నారా?"

పక్క కుర్చీలో హారన్! వాడి ముందు పథ్యం చేస్తున్నానని ఎలా చెప్పను? "తినడమా! పూటకి మూడు పళ్ళేలు! షుగరే నన్ను చూసి పక్కకి తప్పుకుంటుందమ్మా!" అన్నాను. గదంతా గొల్లుమంది. ఆ అమ్మాయి 'అవును' దగ్గర టిక్కు పెట్టింది.

రిపోర్టిచ్చేటప్పుడు ఆ అమ్మాయే నన్ను పక్కకి పిలిచి, నిజం చెప్పమంది. చెప్పాను. నెత్తి కొట్టుకుంది. మూడు నెలలు అన్నం ఎరగని ఒంట్లోకి ఒక్కసారిగా అంత గ్లూకోజు పోస్తే తట్టుకోలేక అంకె ఎగిరిపోతుందట. అందుకే ముందు మూడు రోజులు మామూలుగా తినాలట. ఆ ప్రశ్న అడిగింది అందుకట!

మీరడగబోయేది తెలుసమ్మా. అప్పుడు అబద్ధం చెప్పినవాడు ఇప్పుడు నిజం చెబుతున్నాడని నమ్మకమేమిటి?

అన్నం మానింది భయంతోనమ్మా. మా అన్నయ్య కూడా డ్రైవరే. షుగరుతో ఎడమకాలు తీసేశారు, క్లచ్చు కాలు. ఆస్పత్రి మంచం మీద, దుప్పటి కింద, లేని కాలితో క్లచ్చు తొక్కుతున్నట్టు తొడ కదుపుతూ ఉండేవాడు. దీంట్లోంచి ఎంత తగ్గిస్తారో తగ్గించుకోండి. తగ్గదు.

అయినా మళ్ళీ పరీక్ష కోసం ఈ మూడు రోజులూ డిపో క్యాంటీన్లో పూటపూటా అన్నం తిన్నాను. ప్రతి ముద్దకీ ప్రాణం బిక్కుబిక్కుమంటూనే ఉంది. ఒక్కణ్ణే తింటే నమ్మరు కదా, సాక్షిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. ముందు అతనికి అంతా చెప్పాను: గుడ్లు, భయం, ఆ టిక్కు. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూచున్నాడు. నేను పళ్ళెం పక్కకి నెడితే, "మెతుకు మిగిలితే డాక్టరు దగ్గర ఒప్పుకోను, తిను" అని గద్దించాడు.

ఇంకోసారి పరీక్ష రాయండమ్మా. మళ్ళీ దాటితే గేటు దగ్గర నేనే కూచుంటాను, గొణగను.

సాక్షి బయట బెంచీ మీదున్నాడు, పిలవండి. నా కోసం అబద్ధమాడే రకం కాదు. నేను దిగితే నా బస్సెక్కేది అతనే.

పేరా? రాసుకోండి. హారన్.