వెలుగు తగలకూడని కార్డు

ముప్పై ఏళ్ళు స్టూడియోలో రీలు కెమెరాతోనే బతికిన బావకి మరదలు డిజిటల్ కెమెరా నేర్పుతోంది. మర్నాడు గుర్తింపు కార్డుల ఫొటోల కోసం ఆసుపత్రి సిబ్బంది అరవైమంది రావాలి. బావ తడబడితే ఆ పనిని ఎదురు షాపువాడు తన్నుకుపోతాడు.

"బావా, లైట్లెందుకు ఆర్పేశారు? ఆ కర్టెన్లు లాగడమేంటి?"

"కెమెరాలోంచి మెమరీ కార్డు బయటికి తియ్యమన్నావుగా. వెలుగు తగిలితే ఫొటోలన్నీ పోవూ?"

"ఇది రీలు కాదు మహానుభావా! మిట్టమధ్యాహ్నం నడిరోడ్డు మీద తీసినా ఏమీ కాదు. లైటెయ్యండి, నవ్వలేక చస్తున్నాను."

"నవ్వు, నవ్వు. అలా కూర్చో, నిన్నే తీస్తా. మీట సగం నొక్కి ఆగాలి, అంతేనా?"

"ఆకుపచ్చ గడి కనబడ్డాక పూర్తిగా నొక్కండి. ఆ... ఇక వెనక తెర మీద చూసుకోవడమే. మీలాగా మూడు రోజులు ఆగమనక్కర్లేదు."

ఆ మూడు రోజులే ఇన్నేళ్ళూ తన పరువు కాపాడాయని అతనొక్కడికే తెలుసు. కెమెరా ఆమె చేతికిచ్చాడు.

"ఇదేంటి! కళ్ళకింద ఈ సంచులేంటి? ఈ కెమెరా మంచిది కాదు బావా. మీ పాత ఫొటోల్లో నేనెంత బాగుండేదాన్ని!"

"అవి నెగటివ్ మీద పెన్సిల్‌తో దిద్దేవాణ్ణి. నీ పెళ్ళినాటి నుంచీ."

ఆమె నవ్వు ఆగిపోయింది. బొటనవేలు గబగబా ఏదో మీట వెతికి నొక్కింది. తెర మీంచి ఫొటో మాయమైంది.

"ఏం నొక్కావు?"

"ఏం లేదు. అది మీకక్కర్లేదు."

"అదే ముందు నేర్పు తల్లీ. రేపు అరవైమంది వస్తున్నారు."