ఉతకని చొక్కా

నాన్న పోయిన నెలకు, తన జ్వరం కూడా పూర్తిగా తగ్గాక, తమ్ముడు ఆయన వడ్రంగి షెడ్డు తలుపు తీశాడు. నర్సుగా పనిచేసే అక్క వెనకే వచ్చింది.

"చెక్కపొట్టు వాసనే తెలీట్లేదక్కా. ఫ్లూ వచ్చినప్పుడూ ఇంతేగా?"

"ఫ్లూకి ముక్కు దిబ్బడేసి వాసన పోయేది, తగ్గగానే వచ్చేసేది. ఇప్పుడు నీ ముక్కు శుభ్రంగానే ఉంది. ఈ కొత్త వైరస్ తీరే వేరురా."

"చిన్నప్పుడు మనిద్దరికీ ఒకేసారి ఫ్లూ వచ్చింది, గుర్తుందా? నాన్న మన మధ్యే పడుకుని కథ చెప్పేవాడు."

"మనకంటే ముందు తనే గురకపెట్టేవాడు. తనూ అంటించుకున్నాడు. వారం తిరక్కుండానే లేచి రంపం పట్టాడు."

"ఈసారీ అలాగే లేస్తాడనుకున్నా. ఫ్లూ లాంటిదేలే అని నేనే అన్నాను."

"మొదట్లో మా ఆసుపత్రిలోనూ అందరం అదే అన్నాం. నీ తప్పేం లేదు."

"ఆ మేకుకున్న నాన్న చొక్కా ఉతకడానికి తీసుకెళ్తావా?"

"అందుకే వచ్చాను."

"వద్దక్కా. నాకు వాసన తిరిగొచ్చేదాకా ఉంచు."

"నెలలు పట్టొచ్చురా."

"అయితే ఇవాళ్టికి నువ్వే చూసి చెప్పు."

అక్క చొక్కాలో మొహం దాచుకుంది.

"టేకు పొట్టు... బంక... కొంచెం చెమట."

"ఇంకా?"

"ఉండరా, ఇంకాసేపు చూడనీ."