తాడేసి లాగిన మలుపు

హైవే పక్క టీకొట్టులో సగం బెంచీ ఆక్రమించుకుని కూర్చున్నాడు మైలురాయి. రోడ్ల ఆఫీసులో ప్రమాదాల రిజిస్టరు రాసేది ఆయనే. కూర్చున్నచోటు నుంచి కదలడని జనం ఆ పేరు పెట్టారు. జనానికి దారి చూపిస్తాడని పెట్టారనుకుంటాడు ఆయన.

"క్వారీ మలుపు ఉంది చూడండి, అక్కడ బళ్లు పడతాయని మొట్టమొదట చెప్పింది నేనే. ఇంజినీర్లు నవ్వారు. వాళ్లదేముంది, మెషీన్లు పెట్టి కొలుచుకుంటారు. నేను జీపులో కళ్లు మూసుకుని కూర్చుంటానా, ప్రమాదం జరిగే చోటు రాగానే నా ఎడమ మోకాలు సలుపుతుంది. అలా నలభై చోట్లు పట్టేశాను."

"జీపు దిగకుండానే?" అంది టీకొట్టు అక్క.

"దిగడమెందుకమ్మా, పని రానివాళ్లు దిగుతారు. నేను దిగింది ఒక్కసారే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? క్వారీ మలుపులో రోడ్డుకి చెవి ఆనించాను. గురువారం బోల్తా పడబోయే లారీ చప్పుడు సోమవారమే వినపడింది, నంబరుతో సహా."

నంబరు కూడా చప్పుడు చేస్తుందా అని అడిగాడు పంక్చర్లు వేసే తాత.

"వినగలిగినవాడికి చేస్తుంది. ఇక లాభం లేదని, రోడ్డుకి తాడు కట్టి, జీపుకి తగిలించి ఒక్క లాగు లాగాను. మలుపు కాస్తా స్కేలు పెట్టి గీసినట్టు సాపైపోయింది. అరకిలోమీటరు రోడ్డు మిగిలిపోతే చాపలా చుట్టి ఆఫీసు వెనక పడేశాను. అది మొదలు అక్కడ సైకిలు కూడా పడలేదు. ఇంజినీర్లు ఇప్పటికీ నా మొహం చూడలేక తల దించుకుపోతారు."

అందరూ నవ్వారు, మూల బల్ల దగ్గరున్న, పడిన బళ్లు పైకి తీసే క్రేను డ్రైవరు తప్ప. అతను ఫోనులో ఎవరికో వస్తున్నానని చెప్పి, తాగని టీ బల్లమీద పెట్టి లేచాడు.

"క్వారీ మలుపు నుంచే ఫోను. కారు గుంతలోకి జారిందట, లోపల తల్లీ ఇద్దరు పిల్లలూ." మైలురాయి ముందు ఆగాడు. "ఈ ఏడాదిలో ఇది పదకొండో బండి సార్. అక్కడ అడ్డుగోడ కట్టించమని ప్రతిసారీ కాగితం రాసి మీ చేతికే ఇచ్చాను. అవన్నీ ఏమయ్యాయి?"

పరిశీలనలో ఉన్నాయని గొణిగాడు మైలురాయి.

"ఈసారి కాగితం రాయను. లేచి క్రేనెక్కండి. అక్కడ మలుపే లేదని ఆ తల్లికి మీ నోటితోనే చెబుదురుగాని."