ఎవరు పలకాలి

"ఇంకా ఆ ఒక్క వాక్యం దగ్గరే ఉన్నారా అన్నా?" అంటూ తోటి ప్రోగ్రామర్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ప్రోగ్రాములో తప్పుంటే కంపైలర్ చూపించాల్సిన ఎర్రర్ సందేశాన్ని అతను పొద్దుటినుంచీ రాస్తున్నాడు, చెరిపేస్తున్నాడు.

"ఒకే పేరుతో రెండు ఫంక్షన్లుంటాయమ్మా. పిలిస్తే రెండింటిలో ఏదైనా పలకొచ్చు. అప్పుడు 'పిలుపు అస్పష్టం' అని ఊరుకుంటే ఎవడికి అర్థమవుతుంది?"

"ఆ రెండూ ఏవో, ఏ లైన్లో ఉన్నాయో చూపిస్తే సరి."

"చూపించాను."

"మరింకేంటి? అంత తలనొప్పైతే, కంపైలర్‌నే ఏదో ఒకటి ఎంచుకోమనండి."

"వద్దు. తప్పుది పలుకుతుంది."

"పలికితే కొంపలేం మునుగుతాయి?"

అతను కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు.

"మా అమ్మ నన్నూ, తమ్ముణ్ణీ కూడా 'నాన్నా' అనే పిలిచేది. వాడు పోయి ఏడాదైంది. పోయిన నెల ఆస్పత్రిలో కళ్ళు తెరిచి 'నాన్నా' అంది. ఉన్నది నేనొక్కణ్ణే కదా అని, 'ఏంటమ్మా' అంటూ వంగాను."

"ఏమన్నారు?"

"'నువ్వు కాదురా' అంది. ఆ తర్వాత ఇంకెవర్నీ పిలవలేదు."