పొద్దుకు కప్పిన గోనెసంచి

పూతలపట్టు కూడలిలో తాయమ్మ టీ కొట్టు ముందర నలుగురు చేరితే చాలు, వెంకటముని నోరు ఊరుకోదు. మామిడికాయల లారీలు నడిపి మానేసినవాడు. పిల్లలు లేరు, ఇంటావిడ పోయినప్పటినుంచీ ఒంటిగాడు. పొద్దున వచ్చి టార్పాలిన్ పట్ట కింద కూర్చున్నాడంటే చీకటి పడిందాకా కదలడు. వినేవాళ్ళు దొరికితే కోతలు కోస్తాడు, దొరక్కపోతే వచ్చీపోయే బండ్లను చూస్తుంటాడు.

ఆ మధ్యాహ్నం మే నెల ఎండ మాడ్చేస్తోంది. చిత్తూరు నుంచి తిరుమలకు పోతున్న మొగుడూ పెళ్ళాం కారు ఆపి దిగారు. వెంట గోధుమరంగు కుక్క, పేరు చిట్టి. దాన్ని చూసుకుంటామన్న పక్కింటివాళ్ళు ఆఖరు గడియలో చేతులెత్తేశారట. కొండమీదికి కుక్కతో పోలేరు. కారులో పెట్టి అద్దాలెత్తి తాళం వేస్తే ఈ ఎండకు లోపలే ఉడికిపోతుంది.

"రేపు సాయంత్రందాకా దీన్ని పెట్టుకునేవాళ్ళు ఎవురన్నా ఉండారా అమ్మా?" అని కారు దిగిన ఆవిడ, ప్రసన్నకుమారి, తాయమ్మనడిగింది.

వెంకటమునికి ప్రాణం లేచివచ్చింది. ఒక్క రాత్రి! ఇంట్లో తనది కాని ఊపిరి చప్పుడు వినబడుతుంది. తలుపు తీస్తే తోకాడించే జీవం ఒకటి ఉంటుంది. 'నేను పెట్టుకుంటానమ్మా' అంటే సరిపోయేది. కానీ ఆ నోరు అంత చిన్న మాట ఏనాడు పలికింది కనక!

"కుక్కల సంగతి నన్నడగాలమ్మా," అని అందుకున్నాడు. "మా ఓనరు కుక్కను నడి ఎండాకాలంలో, లారీలో, శ్రీహరికోట దాకా తోలకపోయినోణ్ణి. ఏమీ లేదు, కాళ్ళకింద తడి గోనెసంచి పరిచినాను, అద్దాలు దించినాను, చెట్టు నీడ కనపడితే చాలు, బండాపి నీళ్ళు పెట్టినాను. హాయిగా పడి నిద్రపోయింది."

ప్రసన్నకుమారి మొగుడు చక్రధర్ బాగుందన్నట్టు తలాడించాడు. అక్కడితో ఆపి ఉంటే పనైపోయేది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? రేణిగుంట దాటినాక తారు కరిగి పాయసమైపోయింది! లారీ కూరుకుపోయింది. కుక్క కాలు కింద పెడితే బొబ్బలే గదా, దాన్ని భుజానెత్తుకోని నడిచినాను. నా చెప్పులేమో తారుకు అతుక్కున్నాయి. నేనిడుస్తానా? గట్టిగా లాగినాను. రోడ్డు రోడ్డంతా చాపమాదిరి చుట్టుకోని నా యెనకే వచ్చేసింది!"

"మరి ఆ రోడ్డు మీదుండే బస్సులో?" అన్నాడు ఆటో ఎల్లప్ప, నవ్వు ఆపుకుంటూ.

"చాపలోనే ఉండాయి. శ్రీహరికోటలో విదిలిస్తే అందురూ దిగినారు. నాయుడుపేటకు టికెట్టు తీసుకున్నోళ్ళు గూడా!"

అందరూ గొల్లుమన్నారు. ప్రసన్నకుమారి కూడా నవ్వింది. ఆ సందడిలో చిట్టి మెల్లగా వచ్చి, వెంకటముని పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. ఆ వెచ్చని బరువు తగలగానే అతను పాదం కదలకుండా సర్దుకుని కూర్చున్నాడు. ఎన్నాళ్ళయిందో ఒక ప్రాణి తనంతట తానే వచ్చి తనను తాకి! ఇంకా చెప్పాలి, ఇంకా గొప్పగా చెప్పాలి, అప్పుడే దీన్ని నా చేతికిస్తారు అనుకున్నాడు.

"ఆడ రాకెట్టు ఎగరడానికి సిద్ధంగా ఉండాది. కుక్కేమో ఎండకు రొప్పతా ఉండాది. ఆడుండే పెద్దాయన్ను పిలిచి, 'ఆపు సామీ, దీనికి మంట సెగ తగులుతుంది' అన్నాను. ఆపేసినారు! అప్పుడు సూడప్పా, తడి గోనెసంచి తీసకపోయి రాకెట్టు మూతికి కట్టినాను. 'ఇంగ ఇడవండి' అన్నాను. సర్రున పోయి, పొద్దు మొగం మీద కప్పేసింది!"

"సూర్యుడికా?" అన్నాడు చక్రధర్.

"ఇంకెవురికి? నడిమద్దేనం ముసురు పట్టేసింది. తిరుమల మెట్లెక్కేవాళ్ళు గడగడా వణికిపోయి శాలువాలు కప్పుకున్నారు. వారం దినాలు ఆ సంచిలోంచి కారిన నీళ్ళే మనకు వాన! కడాకు కుక్కకు జలుబు చేస్తే, మళ్ళా నేనే పోయి సంచి తీసేయాల్సి వచ్చింది."

ఎల్లప్ప బెంచీ చరిచి చరిచి నవ్వాడు. ప్రసన్నకుమారి కళ్ళు తుడుచుకుని చిట్టివైపు చూసింది. ఆమె గొంతులో ఎగతాళి లేదు, బెంగే ఉంది.

"సూర్యుణ్ణే చల్లబరిచినారు, సరే అన్నా. మీ యింట్లో ఫ్యాను ఉండాదా?"

వెంకటముని నోరు తెరిచాడు. 'రెండు ఏసీలుండాయి' అన్న మాట నాలుక కొసదాకా వచ్చింది. అనేస్తే చాలు. వేరే దారి లేనివాళ్ళు, సగం నమ్మి అయినా గొలుసు చేతికిచ్చి పోయేటట్టే ఉన్నారు. కిందికి చూశాడు. చిట్టి కళ్ళు మూసుకుని, అతని పాదాన్నే దిండు చేసుకుని ఉంది.

"లేదమ్మా," అన్నాడు. "మోటారు కాలిపోయి పడుండాది. రేకుల ఇల్లు, రాత్రి గూడా సెగ తగ్గదు. పగలు నేనే ఉండలేక ఈడికొచ్చి కూర్చుంటాను. దీన్నీ ఈడే ఉంచుదామంటే లారీలు తిరిగే రోడ్డు."

ఎవరూ నవ్వలేదు. మొగుడూ పెళ్ళాం మొహాలు చూసుకున్నారు. ఒకరు కొండకు పోయి వచ్చిందాకా ఒకరు కింద చిట్టితో నీడపట్టున ఉందామని, వంతులేసుకుందామని అనుకున్నారు. చిట్టికి నీళ్ళు తాగించి, "వస్తామన్నా" అని ప్రసన్నకుమారి గొలుసు పట్టుకుంది. చిట్టి లేచి ఒళ్ళు విదిలించుకుని కారెక్కింది. కారు తిరుపతి దారి పట్టింది. కనబడినంత దూరం వెంకటముని దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఎల్లప్ప ఇక పట్టలేక అన్నాడు. "బుద్ధి తెలిసినకాణ్ణించి అబద్ధాలాడతానే ఉండావే మునన్నా, ఇంకొక్కటి ఆడింటే ఏం పోయింది? ఈ రాత్రికి కుక్క నీ కాడ ఉండేది గదా."

"మీరు నమ్మరనే గదప్పా మీ ముందర కోతలు కోసేది," అన్నాడు వెంకటముని, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఆ కుక్క నమ్మేసింది."